బూస్ట్ పెంచకుండా 14.20 నుంచి 12.98కి: టర్బో హ్యాచ్‌బ్యాక్ ప్రాజెక్టు డైరీ

బండి, మొదటి స్లిప్పు

రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, ముందు చక్రాల డ్రైవ్, ఆరు గేర్ల మాన్యువల్. డౌన్‌పైపు (టర్బో వెనక ఎగ్జాస్ట్ పైపు), ఇన్‌టేక్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూన్ ఇదివరకే చేయించినవి. బూస్ట్, అంటే టర్బో అదనంగా నొక్కి పంపే గాలి పీడనం, 1.4 బార్. నన్ను కూడా కలిపి కాటా మీద 1,400 కిలోలు. రోజూ పనికి వెళ్లేది ఈ బండిలోనే. అందుకే ఏసీ, వెనక సీటు, డోర్ల లైనింగ్ లాంటివి పీకకూడదని ముందే అనుకున్నాను. మామూలు బండిగా ఉంటూనే క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు, ఎంత తొందరగా దాటగలదో చూడాలి.

ప్రతి పరుగు తర్వాత డ్రాగ్ స్ట్రిప్పు దగ్గర ఇచ్చే టైమ్ చీటీయే స్లిప్పు. మొదటిది ఇలా వచ్చింది: మొదటి 60 అడుగులు 2.38 సెకన్లలో, 660 అడుగులు 9.38లో, మొత్తం 14.20. ట్రాప్ స్పీడు గంటకు 170 కిలోమీటర్లు.

చాలామంది 14.20 ఒక్కటే చూసి స్లిప్పు జేబులో పెట్టేసుకుంటారు. నాకు మాత్రం అందులో ఆసక్తిగా అనిపించింది 170. ట్రాప్ స్పీడంటే ఆఖరి 66 అడుగుల్లో తీసిన సగటు వేగం. లాంచ్‌లో టైర్లు ఎంత తిరిగినా దాని మీద పెద్దగా ప్రభావం పడదు, అది ఎక్కువగా ఇంజిన్ బలం, బండి బరువు మీదే ఆధారపడుతుంది. డ్రాగ్ రేసింగ్‌లో చాలాకాలంగా వాడుకలో ఉన్న రెండు సూత్రాలున్నాయి. బరువును పౌండ్లలో తీసుకుని హార్స్‌పవర్‌తో భాగించి, ఘనమూలం కట్టి, 5.825తో గుణిస్తే టైమ్ వస్తుంది. హార్స్‌పవర్‌ను బరువుతో భాగించి, ఘనమూలం కట్టి, 234తో గుణిస్తే ట్రాప్ స్పీడు మైళ్లలో వస్తుంది. ఈ రెండింటినీ గుణించి చూడండి, బరువూ పవరూ రెండూ కొట్టుకుపోతాయి. మిగిలేది ఒక్క అంకె. కిలోమీటర్లలోకి మార్చుకుంటే 2194. దాన్ని మన ట్రాప్ స్పీడుతో భాగిస్తే, ఉన్న పవర్‌తో ఆ బండి రావాల్సిన టైమ్ తెలుస్తుంది. పవర్ కొలిచే డైనో యంత్రం అక్కర్లేదు.

2194ని 170తో భాగిస్తే దాదాపు 12.90. నాకు వచ్చింది 14.20. అంటే ఈ ఇంజిన్‌లో ఇప్పటికే ఉన్న బలంలోంచి 1.30 సెకన్లు ఎక్కడో కారిపోతున్నాయి. ఆ తేడా అర సెకను లోపలికి వచ్చేదాకా బూస్ట్ పెంచకూడదని అప్పుడే తేల్చుకున్నాను. ఈ డైరీ అంతా ఆ 1.30 గురించే.

60 అడుగుల లెక్క

2.38లో 60 అడుగులంటే, గడియారం మొదలయ్యేసరికే బండి కాస్త కదిలి ఉంటుందన్నది (దాని గురించి కింద చెప్తాను) కలుపుకుని, సగటు త్వరణం దాదాపు 0.5 జీ, అంటే గురుత్వ త్వరణంలో సగం. దీని వెనక ముందు చక్రాల డ్రైవ్‌కు ఉన్న అసలు ఇబ్బంది ఉంది. నా బండి బరువులో 62 శాతం, అంటే 868 కిలోలు, నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీదే ఉంటుంది. కదిలిన మరుక్షణం కొంత బరువు వెనక్కి పోతుంది. ఎంత పోతుందో తెలియాలంటే మొత్తం బరువును త్వరణంతో, గరిమనాభి ఎత్తుతో గుణించి వీల్‌బేస్‌తో భాగించాలి. నేను వేసుకున్న ఎత్తు 0.52 మీటర్లు, వీల్‌బేస్ 2.63. ఆ లెక్కన 0.5 జీ దగ్గర 138 కిలోలు వెనక్కి పోతున్నాయి. 0.77 జీకి వెళ్తే 213 కిలోలు. వెనక చక్రాల డ్రైవ్ బండి గట్టిగా లాగేకొద్దీ దాని డ్రైవ్ టైర్ల మీద బరువు పెరుగుతుంది. మన దగ్గర లాగేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ ప్రతి పదో వంతు సెకనూ కష్టపడి సంపాదించుకోవాల్సిందే. అందుకే నాకు ఈ డ్రైవ్ అంటే అంత ఇష్టం కూడా.

60 అడుగుల్లో 0.1 సెకను మిగిలితే చివర్లో 0.15 నుంచి 0.2 దాకా మిగులుతుందని స్ట్రిప్పు దగ్గర అందరూ చెప్పే మాట. నా స్లిప్పుల్లో కూడా దాదాపు అలాగే తేలింది.

ముందు ఖర్చు లేని పనులన్నీ చేశాను. మామూలు రోడ్డు టైర్లతో నీళ్ల పెట్టెలోకి (బర్నవుట్ కోసం టైర్లు తడిపే చోటు) దిగకుండా పక్కనుంచి వెళ్లడం వాటిలో ఒకటి. ట్రెడ్ గాడుల్లో ఇరుక్కున్న నీళ్లు తిన్నగా స్టార్టు లైను మీదే కారతాయి, అక్కడ పూసిన జిగురంతా దండగైపోతుంది. ఇంకోటి స్టేజింగ్, అంటే స్టార్టు లైను కిరణాల దగ్గర బండిని నిలబెట్టడం. రెండో దీపం వెలగగానే అక్కడే ఆగాలి, అంగుళం కూడా ముందుకు పోకూడదు. అలా నిలబెడితే ముందు టైరు స్టేజ్ కిరణాన్ని వదిలేలోపు బండి దాదాపు అడుగు దూరం దొర్లుతుంది. గడియారం మొదలయ్యేది ఆ కిరణం వదిలాకే. అప్పటికే బండి కదలికలో ఉంటుంది కాబట్టి అది స్లిప్పు మీద కనిపిస్తుంది. గ్రీన్ పడ్డాక మనం ఎంత ఆలస్యంగా కదిలామన్నది రియాక్షన్ టైమ్‌లోకి పోతుంది, పరుగు టైమ్‌లోకి రాదు. ఒంటరిగా టైమ్ కోసం పరిగెత్తేటప్పుడు చెట్టు (స్టార్టు దీపాల స్తంభం) మీద దీపాలు చూసి కంగారు పడక్కర్లేదు.

లాంచ్ కంట్రోల్ (నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ వేగాన్ని ఒకచోట పట్టి ఉంచేది) మొదట 4,200 ఆర్‌పీఎం మీద ఉండేది. అక్కడ బూస్ట్ బాగా లేస్తుంది, కానీ క్లచ్ వదలగానే టైర్లు గిరగిరా తిరుగుతాయి. 3,400కి దించాను. ముందు టైర్ల గాలి 26 పీఎస్‌ఐకి తగ్గించి, వెనక టైర్లకు 42 పెట్టాను. వెనకవి దొర్లితే చాలు, వాటికి పట్టుతో పనిలేదు. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేయకుండా ఒక సెకను పాటు జారనిస్తూ వదలడం అలవాటు చేసుకున్నాను.

60 అడుగులు 2.27. టైమ్ 14.01.

ఒక టైరే ఎందుకు

ఆ రోజు లాంచ్ వీడియో తీసింది నా స్నేహితుడు. స్టార్టు లైను పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఫోను నేలకు ఆనించి తీశాడు. నేను పరుగు పూర్తి చేసుకుని తిరిగొచ్చేసరికి, బండి ఇంకా ఆపకముందే కిటికీ దగ్గరకు వచ్చి, "రేయ్, పొగంతా ఎడమ టైరు నుంచేరా. కుడిది ఊరికే దొర్లుతోంది, చూడు" అన్నాడు. నెమ్మదిగా ఆడించి చూశాం. నిజమే. ఎడమ టైరు మీద అక్షరాలు పూర్తిగా చెరిగిపోయి బూడిదరంగు చారలా కనిపిస్తుంటే, కుడి టైరు మీద బ్రాండు పేరు చదవగలుగుతున్నాం.

ఇంజిన్ బలాన్ని రెండు డ్రైవ్ చక్రాలకూ పంచేది డిఫరెన్షియల్. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ చేసేదే అది. రెండు చక్రాలకూ ఒకే టార్క్ ఇస్తుంది. జారే చక్రం ఎంత తక్కువ పట్టుకోగలిగితే రెండో దానికీ అంతే అందుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ బ్రేకు పట్టి దీన్ని సర్దాలని చూస్తుంది, కానీ లాంచ్‌లో అది ఇంజిన్ పవర్ కూడా కోసేస్తుంది కాబట్టి ఆపేయక తప్పదు.

ఒక చక్రం జారినా రెండోదానికి ఎక్కువ టార్క్ పంపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, హెలికల్ గేర్ల రకం వేయించాను. ప్లేట్ల రకం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఒక చక్రం గాల్లో ఉన్నా పనిచేస్తుంది. కానీ మలుపుల్లో చప్పుడు చేస్తుంది, ప్లేట్లు అరుగుతాయి. హెలికల్‌కు రెండు చక్రాలూ ఎంతో కొంత నేలను పట్టుకుని ఉండాలి. స్ట్రిప్పు మీద ఆ సమస్య రాదు. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినా ఏమీ వినిపించదు. రోజూ నడిపే బండికి ఇదే సరైనదని నా అభిప్రాయం.

60 అడుగులు 2.12. టైమ్ 13.74. అప్పటిదాకా పెట్టిన వస్తువుల్లో ఒక్కటే తీసుకొమ్మంటే ఇది తీసుకుంటాను.

14 లోపలికి వచ్చాక హెల్మెట్ తప్పనిసరి. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో ఆ గీత 13.99 దగ్గర ఉంది. నేను మొదటి పరుగు నుంచే పెట్టుకుంటున్నాను. నడిపేవాళ్లు ఎవరైనా అలాగే చేయాలి.

టైర్లు, మౌంటు

డ్రాగ్ రేడియల్ (స్ట్రిప్పు కోసం చేసిన మెత్తటి రబ్బరు టైరు) కొనేముందు వ్యాసం గురించి బాగా ఆలోచించాను. ఇప్పుడున్న 225/45 17 టైరు వ్యాసం 634 మిల్లీమీటర్లు. దాని మీద నాలుగో గేరు 6,800 ఆర్‌పీఎం దగ్గర 180 కిలోమీటర్లకు అయిపోతుంది. నేను లైను దాటేది 170లో, కాబట్టి నాలుగులోనే ముగుస్తుంది. పొట్టి టైరు వేస్తే గేరింగ్ దగ్గరై లాంచ్ బాగుంటుందని 610 మిల్లీమీటర్ల టైరు సూచించినవాళ్లున్నారు. లెక్క చూడండి: 180ని 610తో గుణించి 634తో భాగిస్తే 173. పవర్ కాస్త పెరిగినా లైనుకు కొద్ది గజాల ముందు ఐదో గేరు వేయాల్సి వస్తుంది. ఆ ఒక్క షిఫ్టులో పోయే టైమ్, పొట్టి టైరు మొదట్లో ఇచ్చేదాన్ని చాలావరకు తినేస్తుంది. అందుకే పాత కొలతలోనే తీసుకున్నాను.

కొత్త టైర్లతో మొదటి లాంచ్‌లోనే బండి ముందుభాగం దడదడలాడింది. డాష్‌బోర్డు ఊడిపోతుందేమో అన్నంతగా. వీల్ హాప్ అది. పట్టు పెరిగేసరికి ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద వెనక్కి వాలుతుంది, బుష్‌లు మెలితిరుగుతాయి, టైరు జారగానే అన్నీ ఒక్కసారిగా వెనక్కి కొట్టుకుంటాయి, మళ్లీ టైరు పట్టుకుంటుంది. క్షణంలో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. డ్రైవ్ షాఫ్టులు విరిగేది ఎక్కువగా ఇలాంటప్పుడే. అలా మొదలైతే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయాలి, ఆ పరుగు పోయినా పర్వాలేదు. షాఫ్టు విరిగితే ఆ రోజంతా పోతుంది, ఒక్కోసారి గేర్‌బాక్స్ కేసింగ్ కూడా.

ఇంజిన్ అడుగున ఉండే టార్క్ మౌంటులో గట్టి పాలీయురేథేన్ ఇన్సర్టు దూర్చాం. చెయ్యంత పొడవు ప్రై బార్ పెట్టి ఇంజిన్‌ను ఊపి చూస్తే ఇంతకుముందు బొటనవేలి మందాన కదిలేది ఇప్పుడు కదిలీ కదలనట్టుంది. ఐడ్లింగ్‌లో సీటు కింద సన్నటి వణుకు వస్తోంది. దానికి నేను అలవాటు పడిపోయాను, పక్కన కూర్చునేవాళ్లు మాత్రం అడుగుతున్నారు.

రేడియల్‌కు ఎంత గాలి పెట్టాలో గేజీ కన్నా నేల బాగా చెప్పింది. లాంచ్ అయ్యాక అధికారులు అనుమతిస్తే స్టార్టు లైను దగ్గరకు నడిచి వెళ్లి మన టైరు వదిలిన నల్ల మచ్చ చూడాలి. 16 పీఎస్‌ఐతో మచ్చ అంచుల్లో చిక్కగా, మధ్యలో పలచగా ఉంది. అంటే టైరు మధ్యభాగం లోపలికి ముడుచుకుని నేలను సరిగా ఆనడం లేదు. 24తో మధ్యలో ఒక్క గీతే నల్లగా పడింది. 20 దగ్గర ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకే రంగులో వచ్చింది. ఇది వేడెక్కిన టైరులో కొలిచిన అంకె. నీళ్ల పెట్టె దాటాక హ్యాండ్‌బ్రేక్ లాగి రెండో గేరులో కొద్దిగా పొగ లేచేదాకా తిప్పితే చాలు. ముందు చక్రాల బండిలో బర్నవుట్‌ను ప్రదర్శనలా సాగదీస్తే రబ్బరు జిడ్డుగా మారి పట్టు తగ్గుతుంది.

60 అడుగులు 1.93. టైమ్ 13.41, ట్రాప్ 171. ఇప్పుడు రావాల్సింది 12.83. తేడా 0.58.

వేడి

ఇక్కడికి వచ్చేసరికి 60 అడుగులు నిలకడగా వస్తున్నాయి గానీ ట్రాప్ స్పీడు నిలవడం లేదు. మొదటి పరుగులో 171 చూపించే బండి, లైనులో నిలబడి వెంటనే మళ్లీ వెళ్తే 165కి పడిపోతోంది. ట్రాప్ స్పీడు పవర్ ఘనమూలంతో నడుస్తుంది కాబట్టి 171 నుంచి 165 అంటే పది శాతం పవర్ గాయబ్ అన్నమాట. మూడోవంతు ట్యాంకుతో, అదే గాలి, అదే టైర్లు.

డేటా లాగ్ తెరిస్తే కారణం కళ్లముందే ఉంది. 30 డిగ్రీల గాలిని 2.4 రెట్లకు నొక్కితే, 70 శాతం సామర్థ్యం ఉన్న కంప్రెసర్ నుంచి అది దాదాపు 150 డిగ్రీల్లో బయటికొస్తుంది. ఆ వేడినంతా తీయాల్సింది ఇంటర్‌కూలర్. కంపెనీ ఇచ్చింది పలచటిది, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరుకున ఉంటుంది. చల్లటి పరుగులో కూడా లైను దాటేసరికి ఇన్‌టేక్ గాలి 69 డిగ్రీలు. రెండో పరుగు మొదలయ్యేటప్పటికే 58. మూడో గేరు మధ్యలోంచి ఈసీయూ నాక్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండటం) భయంతో ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగడం లాగ్‌లో మెట్లుమెట్లుగా కనిపిస్తోంది.

మందమైన బార్ అండ్ ప్లేట్ ఇంటర్‌కూలర్ వేశాను. బంపర్ లోపలి ప్లాస్టిక్ కొంచెం కోయాల్సి వచ్చింది. పైపులు బిగించాక సబ్బు నీళ్లు పూసి, సిస్టంలోకి గాలి ఎక్కించి లీకులు చూడటం మర్చిపోవద్దు. థ్రాటిల్ బాడీ దగ్గర క్లాంపు సందులోంచి చిన్న చిన్న బుడగలు లేవడం చూశాను. చెవికి వినపడదు, డ్రైవింగ్‌లో తెలియదు. కానీ ఆ గాలిని భర్తీ చేయడానికి టర్బో ఊరికే ఎక్కువ తిరుగుతుంది, ఇంకా వేడి పుట్టిస్తుంది.

ఇప్పుడు లైను దగ్గర 47 డిగ్రీలు. 69 నుంచి 47కి అంటే అదే పీడనం దగ్గర గాలి సాంద్రత దాదాపు 7 శాతం పెరిగినట్టు. ట్రాప్ 174కి వచ్చింది. మొదటి స్లిప్పు 170తో పోల్చి ఘనం కట్టండి, పవర్ కూడా 7 శాతమే పెరిగింది. అంకెలు ఇంత చక్కగా కలిసినప్పుడు కలిగే ఆనందం వేరు. వెంట వెంటనే వెళ్లినా 173 కన్నా దిగలేదు.

టైమ్ 13.29.

వాతావరణం గురించి ఒక మాట. 36 డిగ్రీల మధ్యాహ్నానికీ 24 డిగ్రీల రాత్రికీ గాలి సాంద్రతలో 4 శాతం తేడా ఉంటుంది. టర్బో బూస్ట్‌ను నిలబెట్టి ఇందులో కొంత పూడుస్తుంది, మొత్తం పూడ్చలేదు. ప్రతి స్లిప్పు వెనకా ఉష్ణోగ్రత, పీడనం, గాలి దిశ రాసి పెడుతున్నాను. అవి లేకుండా రెండు వేర్వేరు రోజుల స్లిప్పులు పోల్చి "ఈ పార్టు వల్లే బాగుపడింది" అనడం కుదరదు.

గేరును బట్టి బూస్ట్

1.93 తర్వాత కూడా రెండో గేరు పడగానే టైర్లు మళ్లీ తిరుగుతున్నాయి. ముందు, వెనక చక్రాల వేగాలను ఒకే గ్రాఫులో పెడితే తెలుస్తుంది: ముందువి వెనకవాటి కన్నా 10-15 శాతం వేగంగా తిరిగినప్పుడు బండి బాగా లాగుతోంది, రెండో గేరులో అది 40కి ఎగబాకుతోంది.

బూస్ట్ సొలెనాయిడ్‌ను (బూస్ట్‌ను నియంత్రించే విద్యుత్ వాల్వు) గేరును బట్టి నడిపేలా మ్యాపు రాయించాను. మొదటి గేరుకు 0.8 బార్, రెండులో 1.1, మూడు నుంచి మామూలు 1.4. టర్బోను తప్పించి ఎగ్జాస్ట్‌ను బయటికి వదిలే వేస్ట్‌గేట్ స్ప్రింగు 0.7 బార్ కాబట్టి సొలెనాయిడ్‌తో అంతకన్నా కిందికి పోలేం. ఇంకా తగ్గించాలంటే స్ప్రింగు మార్చాలి, లేదా థ్రాటిల్ మూయాలి. చూడండి, ఇక్కడ పవర్ తగ్గించి టైమ్ సంపాదించాం. 60 అడుగులు 1.90, టైమ్ 13.17.

మిగిలింది షిఫ్టులు. లాగ్‌లో రెండు నుంచి మూడుకు 0.48 సెకన్లు పడుతోంది. అది కాళ్లూ చేతులూ ఆడే టైమే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పడిపోయిన బూస్ట్ మళ్లీ లేవడానికి ఇంకో 0.4. నో లిఫ్ట్ షిఫ్ట్ ఆన్ చేసి, యాక్సిలరేటర్ నొక్కే ఉంచి, క్లచ్ తగలగానే ఇగ్నిషన్ కట్ అయ్యేలా పెడితే షిఫ్టు 0.26కి దిగింది, బూస్ట్ దాదాపు పడటమే లేదు. గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రోలకు ఇది మంచిది కాదు. స్ట్రిప్పు మీద తప్ప వాడను, గేరాయిల్ సగం కాలానికే మారుస్తున్నాను.

60 అడుగులు 1.89, 12.98, ట్రాప్ 175. 2194ని 175తో భాగిస్తే దాదాపు 12.53. తేడా 0.45.

ఇప్పుడు

బూస్ట్ పెంచవచ్చని నేను పెట్టుకున్న గీత దాటాను. అయినా ఇంకొక పని మిగిలే ఉంది. లాంచ్ వీడియోలో వెనక భాగం బాగా కుంగి, ముక్కు పైకి లేస్తోంది. గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన వెనక్కి పోయే బరువు పెద్దగా మారదు, అది త్వరణం, ఎత్తు, వీల్‌బేస్ లెక్కే. కానీ ముక్కు లేచినప్పుడు ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రం తిరిగి ఉన్న కోణం), క్యాంబర్ (ఎదురుగా చూస్తే వాలి ఉన్న కోణం) మారిపోయి టైరు వెడల్పంతా నేలకు ఆనదు. ఆ నల్ల మచ్చ లోపలి అంచు ఈమధ్య పలచబడటానికి అదే కారణమని నా అనుమానం. వెనక గట్టి స్ప్రింగులు తెప్పించాను, బిగించాక నిలబడ్డ ఎత్తులోనూ, ముక్కును జాకీతో లేపిన ఎత్తులోనూ టో కొలిచి రాస్తాను. స్పేర్ టైరు, జాకీ, బూట్‌లో సామాను స్ట్రిప్పు రోజు దించేస్తున్నాను. అవన్నీ వెనక యాక్సిల్ మీది బరువే కాబట్టి ముందు చక్రాల వాటా ఆ మేరకు పెరుగుతుంది.

ఇథనాల్ మిశ్రమం గురించి అడుగుతున్నవాళ్లకు: ఈ85కు (85 శాతం దాకా ఇథనాల్ ఉన్న ఇంధనం) పెట్రోల్ కన్నా పరిమాణంలో 30-40 శాతం ఎక్కువ పోయాలి. నా డైరెక్ట్ ఇంజెక్షన్ పంపు 1.4 బార్ దగ్గరే రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే ఇంధన పీడనం) నిలబెట్టడానికి ఆయాసపడుతున్నట్టు లాగ్‌లో కనిపిస్తోంది. పెద్ద పంపు వేయకుండా అటువైపు వెళ్లను. ముందు స్ప్రింగులు, టో కొలతలు, అదే 20 పీఎస్‌ఐతో ఒక చల్లటి రాత్రి.